ఉప్పెన వచ్చిన నాడు పాఠము చెప్పుదురా?

సముద్రతీరమునకు రెండు కోసుల దూరములోనున్న ఒక ఉన్నత పాఠశాలకు గత సంవత్సరము మేము పోవుట తటస్థించినది. తొమ్మిదవ తరగతి విద్యార్థి నొకనిని లేపి "తుపాను అనగానేమి?" అని యడిగితిమి. బాలుడు తడుముకొనకుండ అల్పపీడనము మొదలు పెనుతుపాను వరకు నిర్వచనము లన్నియు అప్పగించెను. ఉపాధ్యాయుని ముఖము వికసించినది. "సరే నాయనా, ఈ రాత్రి రెండు గంటలకు మైకులో చాటింపు వినబడినచో మీ యింటివారు ఏ దారిని, ఎక్కడికి పోవలయును?" అని మరల నడిగితిమి. బాలుడు ఉపాధ్యాయుని వంక జూచెను. ఉపాధ్యాయుడు మా వంక జూచెను. తుపాను షెల్టరు ఆ గ్రామముననే కలదు. దాని తాళపుచెవి యెవరియొద్ద నుండునో ఆ తరగతిలో ఒక్కరికిని తెలియదు.

ఆ బాలునికి పరీక్షలో పూర్తి మార్కులు వచ్చుననుటకు సందేహము లేదు. ఆ మార్కుల కాగితము నీటిపై తేలునేమో గాని బాలుని తేల్చదు. మన పాఠశాలలలో ప్రకృతి వైపరీత్యములను గూర్చి బోధించుట లేదని మేము చెప్పబోవుట లేదు. బోధించుచునే యున్నారు. పుస్తకమున అధ్యాయము కలదు. అధ్యాయము చివర ప్రశ్నలు కలవు. ప్రశ్నలకు జవాబులు గైడులలో కలవు. లేనిది ఒక్కటే, కాలికి నేర్పిన పాఠము. ఆపద వచ్చిన గడియలో నోరు పనిచేయదు, కాలు పనిచేయవలయును. నోటికి నేర్పి కాలికి నేర్పని చదువు ప్రాణరక్షణ విషయమున చదువే కాదని మా వాదము.

"ఇదంతయు దైవఘటన, మానవుడేమి చేయగలడు?" అని నిట్టూర్చువారు మనలో నేటికిని తక్కువగా లేరు. గాలిని పుట్టించుట దైవాధీనమైన కావచ్చును. గాలి యెట్లు నడచునో తెలియకుండుట మాత్రము దైవాధీనము గాదు, మన స్వయంకృతము. 1789లోను 1839లోను ఉప్పెనలు కోరంగి రేవును ముంచినవి; ఓడలకు పేరుపడిన ఆ పట్టణము మరల తల యెత్తలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు ఉప్పెనలో ముప్పదివేలమంది మరణించిరని లెక్క. 1977 నవంబరు 19న దివిసీమలో అయిదు మీటర్ల యెత్తున సముద్రము లేచి, పది కిలోమీటర్లకు పైగా లోనికి చొచ్చి, సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు గ్రామములను తుడిచిపెట్టినది. ప్రభుత్వపు లెక్కయే పదివేలకు చేరువ. ఒకే తీరము, ఒకే కార్తిక మార్గశిరముల ఋతువు, ఒకే విధమైన మృత్యువు. ఇన్నిమార్లు వచ్చిన పాఠమును నేర్వని విద్యార్థిని ఏ ఉపాధ్యాయుడు ఉత్తీర్ణుని చేయును?

దివిసీమ విషయమున ఒక ముఖ్యాంశమును మన పిల్లలలో ఎందరికి చెప్పితిమి? ఆ తుపాను తీరము దాటినది చీరాల యొద్ద. శవములు తేలినది సుమారు అరువది కిలోమీటర్ల యవతలనున్న దివిలో. ఏల? మన అర్ధగోళమున తుపాను గాలులు అపసవ్యముగా తిరుగును. తుపాను నడచు దారికి కుడివైపున, తిరుగుచున్న గాలి వేగమునకు తుపాను నడక వేగము తోడగును. ఆ గాలి సముద్రజలమును నేల మీదికి నెట్టును. తీరమున సముద్రము లోతు తక్కువైనచోట నెట్టబడిన నీరు వెనుకకు మరలుటకు దారి లేక గుట్టయై నేల నెక్కును. దీనినే మన పెద్దలు ఉప్పెన యనిరి. "తుపాను చీరాల యొద్ద దాటును" అని విన్న దివి బాలుడు "అయితే మనకు భయము లేదు" అనుకొనునా, "అయితే మనమే ముందు లేవవలయును" అనుకొనునా? నల్లబల్లపై రెండు గీతలు గీసి పది నిముషములలో బోధింపదగిన ఈ భేదము ఒక గ్రామపు చావుబ్రదుకుల భేదము.

"అవి గడచిన కాలపు మాటలు. నేడు ఆకాశమున ఉపగ్రహములు కలవు, చేతిలో సెల్‌ఫోనులు కలవు, కలెక్టరు కచేరీలో కంట్రోలు రూము కలదు. ఇంక పిల్లలకు నేర్పవలసిన దేమి?" అని విద్యావంతులే యడుగుచున్నారు. ఈ వాదములోని సత్యమును మేము మనఃపూర్వకముగ నంగీకరింతుము. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరమును కొట్టిన పెనుతుపాను పదివేలమందికి చేరువగా బలిగొన్నది. అదే తీరమున, గోపాలపురము యొద్ద, 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చినపుడు దాదాపు పదిలక్షలమందిని ముందుగనే తరలించుటచే మృతుల సంఖ్య పదులలో నిలిచినది. ఇది ప్రభుత్వయంత్రము చేసిన ఘనకార్యము. మెచ్చుకొనకుండుట అధర్మము.

కాని తరలించుటకు వ్యవధి యిచ్చునది తుపాను మాత్రమే. పిడుగు వ్యవధి యిచ్చునా? జాతీయ నేర గణాంక సంస్థవారి లెక్కల ప్రకారము 2019 మొదలు 2022 వరకు ఏ సంవత్సరమునను మన దేశమున పిడుగుపాటుకు చచ్చినవారు 2,800కు తగ్గలేదు. పొలములో వాన మొదలగుటతోడనే చెట్టు క్రిందికి పరుగెత్తుట మన అలవాటు. చెట్టే పిడుగును పిలుచునని పుస్తకమున నున్నను కాలికి తెలియదు. మెరుపునకును ఉరుమునకును నడుమ ముప్పది లెక్కించునంతలో శబ్దము వినవచ్చినచో వెంటనే గట్టి కప్పు క్రిందికి పోవలయుననియు, తుది యురుము వినిన పిమ్మట అరగంట వరకు వెలికి రాగూడదనియు ప్రతి పల్లెలోని పిల్లవానికి నేర్పుటకు ఏ ఉపగ్రహము కావలయును?

2004 డిసెంబరు 26వ తేదీని తలచుకొనుడు. సుమత్రా యొద్ద భూకంపము పుట్టిన రెండు గంటలకు పిమ్మట గాని సునామీ మన తీరమును తాకలేదు. అయినను ఆంధ్రతీరముననే నూరుమందికి పైగా పోయిరి, తమిళదేశమున వేలు. అదే ప్రొద్దున థాయిలాండులోని ఫుకెట్ తీరమున టిల్లీ స్మిత్ అను పదియేండ్ల ఆంగ్ల బాలిక, నీరు నురుగెత్తి విపరీతముగా కదలుట చూచి, రెండు వారములకు పూర్వము భూగోళపు తరగతిలో విన్న మాట జ్ఞప్తికి వచ్చి, తల్లిదండ్రుల నెదిరించి కేకలు వేసి, ఆ తీరమున నున్న నూరుమందిని వెలికి పంపినది. ఆ బాలిక బ్రతుకు ఉపగ్రహము నిలిపినది గాదు, ఒక ఉపాధ్యాయుడు నిలిపెను. ఇక సుమత్రా ప్రక్కనే యున్న సిమెలూ ద్వీపము సంగతి ఇంకను విశేషము. భూకంపము పుట్టిన కొలది నిముషములకే అల అచటికి చేరినది. డెబ్బదియెనిమిదివేల జనాభాలో చనిపోయినవారు ఏడుగురు. వారికి సైరను లేదు. 1907లో వచ్చిన యుప్పెనను "స్మాంగ్" అను పేరిట అవ్వలు మనుమలకు చెప్పుచు వచ్చిన కథ మాత్రమే వారికి కలదు: నేల కదలినది, కడలి వెనుకకు పోయినది, ఇక కొండకు పరుగెత్తుము. తల్లిభాషలో తలకెక్కిన మూడు మాటలు ఒక ద్వీపమును కాపాడినవి.

బోధనకును బోధన లేమికిని గల భేదమును ఒకే దేశమున, ఒకే దినమున చూపిన నిదర్శనము మరియొకటి కలదు. 2011 మార్చి 11న జపానులో మహాభూకంపము వచ్చినది. కమాయిషి పట్టణమున సుమారు వేయిమంది ఆ సునామీకి బలియైరి. కాని ఆ పట్టణపు బడిపిల్లలు, మూడువేలమందికి చేరువవారు, నూటికి తొంబదితొమ్మిదిమందికి పైగా బ్రతికిరి. ఏలయన, కతాదా తోషితాకా అను ఆచార్యుడు సంవత్సరముల తరబడి ఆ బడుల వెంట తిరిగి మూడు సంగతులు నూరిపోసెను: పటములో గీచిన గీతను నమ్మి కూర్చుండకుము, ఆ క్షణమున చేయగలిగినదంతయు చేయుము, పరుగెత్తుటలో నీవే మొదటివాడవగుము. ఆనాడు పెద్దబడి పిల్లలు పరుగుతీయుట చూచి, మూడవ అంతస్తు నెక్కి నిలిచిన చిన్నబడి పిల్లలును దిగి వారి వెంట పరుగెత్తిరి. నిర్ణయించిన చోటికి చేరియు, అచట కొండచరియ విరుగుచుండుట గమనించి, పెద్దలు చిన్నల చేతులు పట్టుకొని ఇంకను పైకి పోయిరి. విడిచి వచ్చిన పాఠశాలను నీరు ముంచినది.

అదే దినమున ఇషినొమాకి ప్రాంతమున ఒకావా ప్రాథమిక పాఠశాల గతి చూడుడు. సముద్రమునకు నాలుగు కిలోమీటర్ల దూరము. పటము ప్రకారము అచటికి నీరు రాదు. బడి వెనుకనే కొండ. పిల్లలు పుట్టగొడుగుల పెంపకము నేర్చుకొనుటకు ఎక్కుచుండిన కొండయే. భూకంపము వచ్చిన పిమ్మట ఆట మైదానమున పిల్లలను వరుసలు తీర్చి, ఏమి చేయుదమని పెద్దలు తర్కించుకొనుచు దాదాపు ఏబది నిముషములు గడపిరి. డెబ్బదినలుగురు పిల్లలు, పదిమంది ఉపాధ్యాయులు నీటిపాలైరి. పిల్లలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు న్యాయస్థానమున కెక్కిరి. 2018 ఏప్రిలులో సెండాయి హైకోర్టువారు తప్పు ఆ దినమునది మాత్రమే గాదనియు, ముందుగనే తగిన యేర్పాటును అభ్యాసమును చేయని పాఠశాల యొక్కయు పురపాలకము యొక్కయు నిర్లక్ష్యమే దోషమనియు తీర్పు చెప్పిరి. 2019 అక్టోబరులో ఆ దేశపు సుప్రీముకోర్టు దానిని స్థిరపరచినది.

న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక ఈ తీర్పుపై చదువరుల దృష్టిని మరల మరల త్రిప్పుచున్నాము. విపత్తు దినమున తొట్రుపడిన వానిని లోకము క్షమించును. విపత్తు రాకపూర్వము, తీరిక యున్న దినములలో, పిల్లలకు దారి చూపని వానిని చట్టమును క్షమింపదు, క్షమింపరాదు. మన దేశమున చట్టమునకు కొదువ లేదు. 2005లో విపత్తు నిర్వహణ చట్టము వచ్చినది. జిల్లాకు ఒక సంస్థ, దానికి కలెక్టరు అధ్యక్షుడు, ఏటేట సరిచూచుకొనవలసిన జిల్లా ప్రణాళిక, ఇవన్నియు అందు కలవు. కుంభకోణమున 2004 జూలైలో పాకబడి తగులబడి తొంబదినలుగురు పసివారు మాడిపోయిన పిమ్మట, 2009లో మన సుప్రీముకోర్టువారు విద్యాహక్కు అనగా సురక్షితమైన పాఠశాలలో విద్య పొందు హక్కు అని స్పష్టపరచిరి. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు పాఠశాలల భద్రతకు మార్గదర్శక సూత్రములను వెలువరించిరి. అది యగ్నియే కానిండు, ఇది యుప్పెనయే కానిండు, సూత్రమొక్కటే: బడిలో నడుగిడిన బిడ్డ ప్రాణమునకు బడి పూచీ.

ఈ పూచీ తీర్చుచున్న విధమెట్టిది? అనేక పాఠశాలలలో సంవత్సరమునకొక దినమున యూనిఫారములు తొడిగించి పిల్లలను మైదానమునకు తెచ్చి, బల్లల క్రింద దూరించి, ఫోటోలు తీసి పై అధికారులకు పంపుచున్నారు. ఫోటో చేరుటతో మాకుడ్రిల్లు ముగిసినది. ఆ పిమ్మట ఆ బల్ల క్రిందికి మరల పోవునది చీపురు మాత్రమే. కొన్ని ప్రయివేటు విద్యాసంస్థలలో ఆ ఫోటో యోగమును లేదు. ర్యాంకుల వేటలో ఒక గంట పోయిన ఒక మార్కు పోవునని వారి భయము. ఆ మార్కు తెచ్చుకొనవలసిన బిడ్డయే పోయినచో ర్యాంకు ఎవరి పేర వేయుదురు?

"పసివారిని భయపెట్టుట మంచిది గాదు" అని జాలిపడువారు మరికొందరు. భయము పుట్టునది తెలియకపోవుట వలన గాని తెలియుట వలన గాదు. ఈత నేర్పువాడు పిల్లవానికి బావిని గూర్చి భయము పుట్టించుచున్నాడా, పోగొట్టుచున్నాడా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టిన తరువాత సహాయకార్యమునకు వాలంటీర్లతో పోయిన మాకు, గాలి యొక్కసారి ఆగి ఆకాశము తెల్లబడగా గండము గడచెనని వీధిలోనికి వచ్చితిమని చెప్పినవారు కొందరు కనబడిరి. వారు పామరులు గారు, పట్టభద్రులు. అది తుపాను కన్ను. కన్ను దాటిన పిమ్మట గాలి ఎదురుదిక్కు నుండి మునుపటికి తీసిపోని బలముతో వచ్చును. ఈ ఒక్క సంగతి చిన్ననాడు తెలిసియుండినచో వారు అంతకన్న భయపడియుందురా, స్థిమితముగా లోపల కూర్చుండియుందురా?

అయితే ఏమి నేర్పవలయునని యడుగుదురేమో. పెద్ద గ్రంథమక్కరలేదు. మొదట, ఎవరి యూరు వారికి నేర్పవలయును. తమ బడి సముద్రమట్టమునకు ఎంత యెత్తున నున్నది, ఏటి గట్టు ఎచట పలుచనైనది, 1977లోనో 1996లోనో నీరు ఏ యింటి గోడ వరకు వచ్చినది, పిల్లలు తాతలను నాయనమ్మలను అడిగి తామే పటము గీయవలయును. రెండవది, హెచ్చరికల భాష. రేవులలో నెగురవేయు ప్రమాద సూచికలు ఒకటి మొదలు పదునొకండు వరకు కలవు. పదవది మహాప్రమాదము. పదునొకండవది దానికి పైమెట్టు కాదు. వాతావరణ కేంద్రముతో సంబంధమే తెగిపోయినదని దాని యర్థము. పత్రికలలో ప్రతి తుపానునకును చదువు ఈ యంకెల తాత్పర్యము రేవు పట్టణపు పిల్లలకైన తెలియవలదా? మూడవది, నీటి బలము. మోకాలి లోతు పరుగునీరు పెద్దవానిని పడద్రోయును. రెండడుగుల ప్రవాహము కారును తేల్చి యీడ్చుకొనిపోవును. చప్టాపై నీరు పారునపుడు దాటుట సాహసము గాదు, మూర్ఖత. నాలుగవది, పొలమున పిడుగు. అయిదవది, ఎండకాలమున వడదెబ్బ. 2015 వేసవిలో తెలుగునాట వడగాలులకు వేయికి మించి ప్రాణములు పోయినవను మాట మరువరాదు.

వీనికన్నిటికిని మించినది అభ్యాసము. మూడు నెలలకొకసారి, ముందుగా చెప్పకుండ, గంట కొట్టవలయును. ఒకసారి భోజనవేళ, ఒకసారి వానలో, ఒకసారి ప్రధానోపాధ్యాయుడు ఊరలేని దినమున. పెద్ద తరగతివాడు చిన్న తరగతివాని చేయి పట్టుకొని షెల్టరు వరకు నడవవలయును. నడువలేని బిడ్డను ఎవరు మోయవలయునో ముందే నిర్ణయింపవలయును. ఎన్ని నిముషములు పట్టినవో గోడపై వ్రాయవలయును, మరుసటిసారి తగ్గింపవలయును. ఆ సాయంకాలము పిల్లవాడు ఇంటికి పోయి తండ్రికి చెప్పును, అవ్వకు చెప్పును. బడికి నేర్పిన పాఠము ఊరికి చేరు దారి ఇదియే. దీనికి కోట్ల రూపాయలు కావలయునా? గంట యొకటి, మనస్సొకటి చాలును.

కథయు కావలయును. 1854లో జపానులో హమాగుచి గోర్యో అను గ్రామపెద్ద ఉప్పెన రాకను పసిగట్టి, చీకటిలో జనులకు గుట్టదారి కనబడుటకై వరికుప్పలకు నిప్పుపెట్టెను. ఆ కథను ఆ దేశము 1937 మొదలు పదేండ్లు ప్రాథమిక వాచకములలో నుంచినది. మనకు కథలు లేకనా? కోరంగి లేదా, బందరు లేదా, దివి లేదా? దివిసీమ బాధను స్మారకస్తంభమునకు అప్పగించి, ఏడాదికొకసారి పూలు వేసి వచ్చుట గౌరవమే. కాని స్తంభము పిల్లవానిని పరుగెత్తింపలేదు, కథ పరుగెత్తించును.

చదువరులారా! ఇది మంత్రులు మాత్రమే చేయవలసిన పని యని తలచి ఈ పత్రికను మడచి ప్రక్కవాని కందింపవలదు. మీ పట్టణమున, మీ పేటలో ఒక బడి కలదు. మీ బిడ్డయో, మీ పొరుగువాని బిడ్డయో అందు చదువుచున్నది. వచ్చు సోమవారము ఆ బడికి నలుగురు కూడి మర్యాదగా పోయి నాలుగు ప్రశ్నలు అడుగుడు. కడపటి అభ్యాసము ఎన్నడు జరిగినది? అది ఎన్ని నిముషములలో ముగిసినది? చిన్నపిల్లలకు పూచీ ఎవరిది? షెల్టరు తాళపుచెవి యెవరియొద్ద నున్నది? జవాబులు రానిచో కోపింపవలదు. వచ్చువరకు మరల మరల పోవుడు. పఠనమందిరమున ఈ నాలుగు ప్రశ్నలను, మీ బడివారు చెప్పిన జవాబులతో సహా, ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు. పాలకులను కదల్చుటకు అర్జీకన్న గోడపై అంటించిన జవాబే బలమైనది.

కార్తికమాసము ఏటేట వచ్చును. బంగాళాఖాతము ఎవరి పరీక్షల తేదీలను చూచుకొని లేవదు. అది లేచిన రాత్రి, ఈ సంవత్సరము నేర్పని పాఠమును వచ్చు సంవత్సరము నేర్పుదుమను వాగ్దానము ఎవరికి పనికివచ్చును? ముందు ఆ తాళపుచెవిని వెదకుడు.